స్తుతికి సత్యము కావలెనా?

నిర్మలు సమీపమున ఒక పెద్ద మర్రిచెట్టు ఉండెడిదనియు, 1860లో రాంజీ గోండును, అతని వెంట నిలిచి పోరాడిన గోండులను, రోహిల్లాలను వేయిమందిని ఆ చెట్టు కొమ్మలకే ఉరితీసిరనియు, అందువలననే దానికి వెయ్యి ఉరుల మర్రి యను పేరు నిలిచినదనియు మంచిర్యాల మొదలుకొని ఆదిలాబాదు వరకు గల ఈ గోదావరి యుత్తర తీరమున వినని వారు అరుదు. ఒక్క చెట్టు వేయి దేహముల బరువును మోయగలదా యని ఎవడైన కుఱ్ఱవాడు అడిగినచో పెద్దలు నొచ్చుకొందురు. ఆ నొప్పిని మూఢత్వమని త్రోసివేయరాదు. అడిగినవాడు లెక్కను మాత్రమే అడుగుచున్నాడో, చచ్చినవారి గౌరవమునే శంకించుచున్నాడో వారికి తెలియదు. ఒక్కొక్కప్పుడు అడిగినవానికిని తెలియదు.

చచ్చినవాని కండ్లు చారెడు అని మన సామెత. పోయినవానిని పొగడుటలో లోకము చూపు ఔదార్యమును ఎగతాళి చేయు మాట యది. అయితే బ్రతికియుండగా తగిన జీతమును, తగిన పదవియు, కనీసపు మన్ననయు నోచుకొనని వానిని గూర్చి, పోయిన తరువాత ఉన్నదానికంటె మిన్నగా చెప్పినచో అది దోషమా, లేక ఋణము తీర్చుకొనుటలో ఒక విధమా? సత్యము పలుకుట ధర్మమని యెరిగినవాడు కృతజ్ఞతయు ధర్మమే యని యెరుగును. ఈ రెండు ధర్మములు ఒకదానికొకటి అడ్డువచ్చినచోట ఏది బాధకము, ఏది బాధ్యము? చరిత్రకారుడు దీనిని తన వృత్తికి సంబంధించిన చిక్కుగా భావించును గాని, నా దృష్టిలో ఇది ముందుగా ధర్మమీమాంసకు చెందిన ప్రశ్న.

దీనిని పరీక్షించుటకు నల్లజాతి సైనికుల చరిత్ర కంటె అనువైన నెలవు మరియొకటి లేదు. ఏలయనగా వారిమీద రెండు విధములైన అసత్యములును కుప్పలుగా పడినవి: వారు దేనికిని పనికిరారను అసత్యము మొదటిది, వారికి ఓటమియే లేదను అసత్యము రెండవది. ఇది సముద్రములకు ఆవలి గాథ యని పాఠకులు తలంపవలదు. మంచిర్యాల నిజాము రాజ్యములో నున్న కాలమున, ఆ రాజ్యపు రాజధానిలో పండుగ సవారీలు వెడలినపుడు ప్రభువు బండికి ముందువెనుకల గుఱ్ఱములపై నడచినవారు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను ఆ రిసాలా యొక్క బరాకులున్న చోటే మాసాబ్ ట్యాంకు చెంత నేడు ఏ.సీ. గార్డ్సు అని పిలువబడు పేట. ఆ రెండక్షరములను చల్లని గాలి వీచు యంత్రముతో ముడిపెట్టి నవ్వుకొను వారిని నేను చూచితిని, వారిని తప్పుపట్టుటెట్లు? పేరులోని ఆఫ్రికాను మింగివేసి అక్షరములను మాత్రము మిగిల్చినది మనమందరమును గదా.

ఈ సిద్దీలు హైదరాబాదునకు ఎట్లు వచ్చిరను విషయమున కథలు పెక్కు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన కొలువున పోషించిన ఆఫ్రికా దళమే నిజాము వశమై ఈ రిసాలాకు బీజమయ్యెనని కొందరందురు. హద్రమౌతు నుండి వచ్చిన అరబ్బు సైనికులతోడను, వర్తకులతోడను వచ్చినవారే యధికులని మరికొందరందురు. వీరి దేహదారుఢ్యమును గూర్చియు, ప్రభుభక్తిని గూర్చియు చెప్పబడు కథలును కొన్ని కలవు. పరదేశీయులను అంగరక్షకులుగా నియమించుకొనుటకు రాజులందరికిని ఉండెడి కారణము అంత అందమైనది కాదు: స్థానిక వర్గములలో బంధువులు లేనివాడు, భూమి లేనివాడు, తిరిగిపోవుటకు ఇల్లు లేనివాడు కుట్రలో చేరుటకు తావు తక్కువ. ప్రభుభక్తి యని కీర్తింపబడిన దానిలో అధికభాగము దిక్కులేమియే యని నేననుకొందును. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి, ఆపై నిజాము సైన్యము రద్దయిపోయిన పిమ్మట ఈ భక్తికి లభించిన ఫలమును చూచిన వారికి ఆ మాట కఠినముగా తోచదు. గుఱ్ఱములు పోయినవి, కొలువు పోయినది. మిగిలినది బరాకుల చుట్టు ఇరుకు వాడలును, పెండ్లి ఊరేగింపులలో మ్రోగించు మర్ఫా వాద్యమును.

అవమానకరమైన మిథ్యకు చిత్రరూపమైన దృష్టాంతమొకటి మన పొరుగుననే పుట్టినది. మలిక్ అంబర్ ఇథియోపియాలో జన్మించి, బాల్యముననే బానిసగా అమ్ముడుపోయి, బాగ్దాదు మీదుగా దక్కనునకు చేరి, తానును హబ్షీ, అనగా ఆఫ్రికా సంతతివాడే, యైన అహమ్మదునగరపు పేష్వా చంగీజ్ ఖాను కొలువున పెరిగి, తుదకు ఆ రాజ్యమునకే సర్వాధికారియై, మొగలు సేనలను రెండు దశాబ్దములపాటు కొండలలో త్రిప్పి త్రిప్పి విసిగించిన ధీశాలి. 1610లో అతడు నిర్మించిన ఖడ్కీ నగరమే పిమ్మట ఔరంగాబాదై, నిజాము రాజ్యములో మన జిల్లాతోపాటు ఒక భాగమైనది. జహంగీరు చక్రవర్తి ఇతనిని యుద్ధమున ఎన్నడును ఎదుర్కొనలేదు, పట్టుకొనలేదు, చంపలేదు. కాని 1616 ప్రాంతమున ఆస్థాన చిత్రకారుడు అబుల్ హసన్ రచించిన చిత్రమున చక్రవర్తి భూగోళముపై నిలువబడి, ఈటెకు గ్రుచ్చిన అంబరు శిరస్సును బాణముతో కొట్టుచున్నాడు. కళగా అది మహోన్నతము, వార్తగా శుద్ధాబద్ధము. అంబరు 1626లో, ఎనుబది యేండ్లకు చేరువైన వయస్సున సహజమరణము పొంది ఖుల్దాబాదులో సమాధి గతుడయ్యెను. విశేషమేమనగా, అప్పుడు ఆ చక్రవర్తి చరిత్రకారుడైన ముతమిద్ ఖానే అతని రణనైపుణ్యమును, పరిపాలనాదక్షతను మెచ్చి, అటువంటి హబ్షీ బానిస చరిత్రలో మరియొకడు లేడను భావము వ్రాసిపెట్టెను. చిత్రకారుడు ప్రభువు కోరికను గీసెను, లేఖకుడు శత్రువు యోగ్యతను వ్రాసెను. ఇరువురును ఒకే కొలువువారు.

తెలుగు నేల మీదనే ఆదోని యున్నది. బిజాపురపు మంత్రియైన సిద్ది మసూదు ఖాను ఆ దుర్గమున చేరి, సుందరమైన జామియా మసీదును కట్టించెను. 1688లో మొగలు సేనాపతి ఫిరోజ్ జంగు ముట్టడించి, కోట లొంగకుండుట చూచి, ఫిరంగులను మసీదు వైపునకు త్రిప్పెననియు, తన ప్రాణము కంటెను దానిని మిన్నగా ఎంచిన మసూదు అప్పుడే కోట తలుపులు తెరిపించెననియు కథ. ఇది నిజమో కాదో నిర్ణయించు పని నాకు లేదు గాని, దీనివలన ఎవనికిని హాని లేదనియు, మసీదు నేటికిని నిలిచి యుండుటచే కథకు ఒక సాక్ష్యచ్ఛాయ దొరికినదనియు మాత్రము గమనింతును.

ఇక రెండవ విధమగు మిథ్య, పొగడ్తగా వచ్చు మిథ్య. దాని కత్యుత్తమమైన ఉదాహరణము అమెరికాలో దొరకును. 1925లో అమెరికా సైనిక విద్యాపీఠము నల్లవారిని యుద్ధమున వినియోగించుటను గూర్చి ఒక నివేదికను సిద్ధపరచి, వారు బుద్ధిలోను, ధైర్యములోను తక్కువవారని శాస్త్రవాక్యము వలె ప్రకటించినది. అట్టి దినములలో, అలబామాలోని టస్కెగీలో 1941 నుండి నల్లవారికి విమానచాలన శిక్షణము ప్రారంభమై, యుద్ధము ముగియునప్పటికి దాదాపు వేయిమంది పైలట్లు సిద్ధమైరి. వారిలో ఇటలీ నుండి పోరాడిన 332వ ఫైటర్ గ్రూపు తన విమానముల తోకలకు ఎఱ్ఱరంగు పూసికొని, జర్మనీపై బాంబులు వేయబోవు పెద్ద విమానములకు కావలిగా ఎగిరెడిది. వీరు కావలి కాచిన బాంబరులలో ఒక్కటియైనను శత్రువిమానములచే కూలలేదనుట ఆరు దశాబ్దములపాటు వేదవాక్యమువలె చెల్లినది.

ఈ మాట అచ్చులో ప్రసిద్ధికెక్కినది 1945 మార్చి 24వ తేదీ నాటి చికాగో డిఫెండర్ పత్రికవలన. రెండువందల యాత్రలును నష్టము లేకుండ ముగిసినవని ఆ నల్లజాతి పత్రిక ఉత్సాహముతో ప్రకటించినది. విధి యొక్క పరిహాసమెట్టిదో చూడుడు: ఆ దినముననే ఎఱ్ఱతోకలవారు బెర్లిను వరకు పోయి, రాస్కో బ్రౌన్, చార్లెస్ బ్రాంట్లీ, ఎర్ల్ లేన్ అనువారు మూడు జర్మను జెట్ విమానములను కూల్చివేసిరి, ఆ యాత్రలోనే వారి కావలిలోని బాంబరులు కొన్ని శత్రువుల చేత కూలినవి. 2006లో ఈ లెక్కను విప్పి చూచినవారు విరోధులు కారు. ఆ వైమానికుల సంఘమునకే చరిత్రకారుడైన విలియం హోల్టన్, వాయుసేన చరిత్రశాఖలో పనిచేసిన డానియల్ హాల్మన్ అనువారు నాటి యాత్రా నివేదికలను ఒక్కొక్కటిగా సరిపోల్చగా, ఇరువదియేడు బాంబరులు కూలినట్లు క్రమముగా నిర్ధారణ చేయబడినది. అదే పని చేసిన ఇతర దళముల సగటు నష్టము నలుబదియారు. ఒక రేవు చెంత యుద్ధనౌకను ముంచిరను కథయు అట్టిదే. 1944 జూన్ 25న వారు ఆ నౌకను ఘోరముగా దెబ్బతీసిన మాట నిజము, నాడే అది మునిగిన మాట కల్ల.

వృద్ధులైన వైమానికులలో కొందరు మిక్కిలి నొచ్చుకొనిరి. నిర్మలు పెద్దల నొప్పికిని దీనికిని భేదము లేదు. కాని వారి నొప్పిని గౌరవించుచునే అడుగవలసినదున్నది: ఇరువదియేడునకును నలుబదియారునకును గల అంతరములో ఎన్ని ప్రాణములు దక్కినవి? సున్న అను అంకెలో ఆ ప్రాణములకు చోటు లేదు; అది దేవతలకు తగిన అంకె, యంత్రములకు తగిన అంకె. బెంజమిన్ డేవిస్ అను ఆ దళనాయకుడు వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివిన నాలుగేండ్లును తోటి విద్యార్థులు ఆయనతో పనికిమించి ఒక్క మాటయైన ఆడకుండ వెలివేసిరి. ఆయన గదిలో తోడుండినవాడు లేడు, భోజనమున ప్రక్కన కూర్చుండి పలుకరించినవాడు లేడు. అయినను 1936లో పట్టా పుచ్చుకొనియే వెడలెను. 1945 ఏప్రిలులో ఇండియానాలోని ఫ్రీమన్ ఫీల్డు అను విమానస్థావరమున తెల్ల అధికారుల క్లబ్బులోనికి పోయినందుకు నల్ల అధికారులను నిర్బంధించి, ఆ భేదమును అంగీకరించు కాగితముపై సంతకము చేయుడని ఆజ్ఞాపింపగా, యుద్ధకాలమున పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినచో మరణశిక్ష యైనను పడవచ్చునని తెలిసియు నూటయొక్కరు చేయమనిరి. బాంబరు కథ నోట నోట దేశమంతట వ్యాపించినది. ఈ రెండును గ్రంథములలో అణగియున్నవి. స్తుతి చేయువారికి కావలసినది వీరుని శీలము కాదనియు, వీరుని జయసంఖ్య యనియు దీనివలన తెలియుచున్నది.

ఈ సందర్భమున మన మీమాంసకులు చేసిన ఒక విభాగము నాకు మిక్కిలి యుపకరించినది. వేదములో విధివాక్యములు గాక, దేవతలను, ద్రవ్యములను పొగడు వాక్యములు పెక్కులున్నవి. వాటికి అర్థవాదములని పేరు. ఐశ్వర్యము కోరువాడు వాయుదేవతకు పశువు నర్పింపవలెననుట విధి. వాయువు అతివేగముగల దేవత యనుట స్తుతి. స్తుతి స్వయముగా ప్రమాణము కాదు, విధితో ఏకవాక్యతను పొందినపుడే దానికి ప్రయోజనము, అని జైమిని సిద్ధాంతము. శబరస్వామియు కుమారిలభట్టును దీనిని విస్తరించిరి. ఈ స్తుతులను పిమ్మటివారు మూడు తెఱగులుగా చూచిరి. యూపస్తంభము సూర్యుడే యనుట ప్రత్యక్షమునకు విరుద్ధము గనుక, నేయి పూయగా మెఱయు గుణమును చెప్పునదిగా గ్రహింపవలెను. చలికి అగ్ని మందనుట అందరు ఎరిగినదే గనుక ఉన్నదానిని మరల చెప్పుట. ఇంద్రుడు వృత్రునిపై వజ్రమెత్తెననుట మరియొక ప్రమాణముచే విరోధింపబడదు, తెలియబడదు గనుక జరిగినదానిని చెప్పుటగా స్వీకరింపవలెను.

ఆదోని కథ ఈ మూడవ తెఱగునకు చెందును. విరోధించు సాక్ష్యము వచ్చువరకు దానికి చోటున్నది. వెయ్యి ఉరులు మొదటి తెఱగు. ఆ మాటకు తాత్పర్యము అంకె కాదు. చంపినవారి క్రౌర్యమును, చచ్చినవారి బహుత్వమును అది చెప్పుచున్నది. అంతేకాదు, కలమును కాగితమును ప్రభుత్వముల చేతనే యుండి, గోండు గూడెములలో జ్ఞాపకము తప్ప వేరు దఫ్తరము లేని కాలమున, రాంజీ పేరు మనదాక చేరినదన్నచో ఆ వేయి యను మాటయే దానిని మోసికొని వచ్చినది. నీళ్ళు తెచ్చిన కుండకు మట్టి అంటియున్నదని కుండను పగులగొట్టుదుమా? గోండు వీరుడు కొమురం భీము విషయమును అట్టిదే. 1940లో జోడేఘాటులో అతడు నేలకూలిన పిమ్మట, నిజాము ప్రభుత్వమే హైమండార్ఫు అను పండితుని గోండుల స్థితిగతులను పరిశీలించుటకు పంపవలసి వచ్చినది. అతడు మార్లవాయిలో నివసించి వ్రాసిన గ్రంథములలో భూమి, అటవీశాఖ ఆంక్షలు, పట్టాలు దొరకని రైతులు కనబడుదురు. వెండితెరపై భీము చేసిన విన్యాసములలో వాటికి తావు దొరకలేదు.

అయితే అర్థవాదమునకు విధి యుండవలెనన్న నియమమును మరువరాదు. బాంబరు కథ పుట్టిననాడు దానికొక విధి యుండెను: ఈ మనుష్యులను సమానులుగా చూడుడు. 1948 జూలై 26న ట్రూమన్ అధ్యక్షుడు సైన్యమున వర్ణభేదమును తొలగించు ఆజ్ఞపై సంతకము చేయుటకు పూర్వము, 1925 నాటి నివేదికవంటి దానికి ఎదురు నిలుచుటకు అతిశయోక్తి తప్ప ఆయుధము దొరకని వారిని తప్పుపట్టుటకు నా మనసొప్పదు. కాని విధి నెరవేరిన తరువాతను, సాక్ష్యము చేతికందిన తరువాతను, చూడనొల్లక స్తుతినే పట్టుకొని వ్రేలాడుట వేరు. తెలియక చెప్పినది అజ్ఞానము. తెలియుటకు నిరాకరించి చెప్పినది అసత్యము. ధర్మరాజు అశ్వత్థామను గూర్చి పలికిన మాట మంచి పక్షమునకే తోడ్పడినది గాని, అంతవరకు నేలకు నాలుగంగుళముల మీద నడచిన అతని రథము నేలకు దిగినదని చెప్పుటకు భారతము వెనుదీయలేదు. టస్కెగీ వారి రథము మాత్రము దిగలేదు. లెక్క సవరింపబడిన కొలది మాసములకే, 2007 మార్చిలో, అమెరికా కాంగ్రెసు వారికి స్వర్ణపతకమును సమర్పించినది. సున్న పోయినందున పతకము బరువు తగ్గినట్లు ఎవరును చెప్పలేదు.

మనకు ఇందులో పాలు లేదని కూర్చుండుటకును వీలు లేదు. కుంపిణీ సేనలో మొదట చేరినవారిలో తెలుగువారు అధికులగుటచే ఉత్తర హిందూస్థానమున సిపాయి యనిన తిలంగా యను వాడుక ఏర్పడినది. ఆ తెలుగువారినే, 1881 మొదలు మద్రాసు సేనకు అధిపతియైన రాబర్ట్సు ప్రభువును, ఆయన మతమువారును యుద్ధమునకు పనికిరాని జాతులలో చేర్చి, వీరజాతులను మాట కల్పించి, దక్షిణాది పటాలములను క్రమముగా కుదించిరి. ఒక శతాబ్దమునకు పూర్వము ఆంగ్లరాజ్యమునకు పునాది వేసిన బాహువులు ఇంతలో ఎట్లు సన్నగిల్లినవో వారు చెప్పలేదు. 1925 నాటి అమెరికా నివేదికకు ఇది అన్న వరుస. ఈ అవమానము తిన్నవారి సంతతికి నల్లసిపాయి గోడు ఇతరులకంటె ముందుగా వినబడవలసినది, వినబడలేదు.

మన పాలు అంతటితో తీరలేదు. 1918లో ఫ్రాన్సుకు తరలిన ఆంగ్లేయుల 110వ స్క్వాడ్రనుకు కావలసిన విమానములను నిజాము తన ధనముతో కొని యిచ్చెను. వాటిపై హైదరాబాదు పేరు వ్రాయబడినది. రెండవ యుద్ధమున 152వ స్క్వాడ్రనుకును ఆ పేరే పెట్టి, దాని చిహ్నముగా నిజాము తలపాగాను గీసిరి. ఆ విమానములను నడపినవారు హైదరాబాదీలు కారు. వాటి వెలకు చెమటయోడ్చినవారిలో మన తాలూకాల రైతులు ఉండియే యుందురు. 1944లో ఆ స్క్వాడ్రను బర్మా ఆకాశమున ఎగురుచుండగా, క్రింద అడవులలో పశ్చిమాఫ్రికా 81వ డివిజను కలదాన్ లోయలోను, తూర్పు ఆఫ్రికా 11వ డివిజను వర్షాకాలపు కబావ్ లోయలోను నడచుచుండెను. ఆ యుద్ధమును గూర్చి ఆంగ్లేయులు వ్రాసికొన్న కథలలో ఈ ఆఫ్రికా కాలిబంట్లకు దక్కిన పుటలు స్వల్పము. పేరు ఒకరిది, వెల మరియొకరిది, నడక వేరొకరిది.

ఏ.సీ. గార్డ్సు వారి విషయమున మనకు చెప్పదగిన స్తుతి లేదు, నిందయు లేదు. కుస్తీ పట్టినవారనియు, మర్ఫా మ్రోగించినవారనియు, నిజామునకు ప్రీతిపాత్రులనియు నాలుగు మాటలు చెప్పి ముగింతురు. విధి యేదో తెలియక పోయినందుననే అట్టి స్తుతియు పుట్టలేదని నేననుకొందును. ఆ విధి కష్టమైనది కాదు. రిసాలాలో చేరినవారు ఎక్కడినుండి ఎవరిచేత తేబడిరో, జీతమెంతో, 1948 పిమ్మట ఎవనికి ఏమి దక్కెనో, ఏమి దక్కలేదో విచారించుట. నిజాము ప్రభుత్వపు దఫ్తరములు ఫారసీలోను, ఉర్దూలోను తార్నాకలోని రాజ్య అభిలేఖాగారమున భద్రపరుపబడి యున్నవి. దానికి ఆనుకొని యున్న పేట హబ్షీగూడ యగుట యాదృచ్ఛికము. ఆ లిపిని చదువగల తెలుగు విద్యార్థులు నానాటికి తగ్గుచున్నారు. రిసాలా సిపాయిల మనుమలు మాత్రము మాసాబ్ ట్యాంకు వాడలలో ఇంకను ఉన్నారు. వారు మాటాడునది హైదరాబాదు ఉర్దూ, అడిగినచో తెలుగులోనే బదులు చెప్పువారును కలరు.